అడవి కంది ఇచ్చిన మాంసకృత్తు

మామూలు కందిపప్పులో మాంసకృత్తులు నూటికి 22 పాళ్ల చుట్టూ ఉంటాయి. దాని అడవి చుట్టం కజానస్ స్కారబయాయిడిస్ గింజలో ఇంకా ఎక్కువ. 1972లో ఏర్పడ్డ పంటల పరిశోధన సంస్థ, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దీన్నీ, సెరిసియస్, ఆల్బికన్స్ జాతులనూ సాగుకందితో సంకరం చేసి, పప్పులో 28 శాతం దాకా మాంసకృత్తున్న రకాలు తీశారు.

గింజ దాచుకునే మాంసకృత్తులు ప్రధానంగా గ్లోబ్యులిన్లు. మొలకకు తొలి ఆహారం అవే. వాటి మోతాదును చాలా జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. సంకరాల్లో తక్కువ మాంసకృత్తు గుణానిదే తరచూ పైచేయి కావడంతో ఎంపిక తరాల పాటు సాగాలి. గోధుమ పరిశోధకుల పని కొంత నయం: పిండికి సాగుడునిచ్చే గ్లూటెనిన్ పెద్ద ఉపభాగాల జన్యువులు 1ఎ, 1బి, 1డి క్రోమోజోముల పొడవు భుజాల మీదే దొరుకుతాయి. అందులో 1డి, ఈజిలాప్స్ టౌషీ అనే అడవి గడ్డి చలవే.

కంది జన్యుక్రమం 2011లో వెలువడ్డాక ఇలాంటి జన్యువుల వెతుకులాట సులువైంది. అయితే పప్పులో గంధకమున్న అమైనో ఆమ్లాల కొరత, మాంసకృత్తు శాతం పెరిగినంత మాత్రాన తీరదు.