రెండవ చూపు

పద్యము వ్రాసిన వెంటనే సభలో చదువవద్దని మా గురువులు చెప్పుచుండెడివారు. కొన్ని దినములు దాచి, పిదప పరుల పద్యమువలె దానిని చదువుకొనవలెననియు, అప్పటికిని నచ్చినచో మరియొకరికి వినిపింపవలెననియు వారి ఉపదేశము. ఈ మాట ఛాయాచిత్రములకును వర్తించునని నాకు ఏబది యేండ్లు దాటిన పిదప తెలిసినది. తెలిపినవారు ఇద్దరు: ఒకడు నా విద్యార్థి, ఇంకొకతె పూలమ్ముకొను ముదుసలి.

వీధులలో తిరిగి నలుపు తెలుపు చిత్రములు తీయుట నాకు చిరకాలపు వ్యసనము. ఒక ఉదయమున, వాన వెలిసిన వెంటనే, పూలబజారులో ఆ ముదుసలి కనకాంబరములును మరువమును కలిపి దండ కట్టుచుండగా తీసితిని. తడిసిన బట్టలతో గంటసేపు నిలిచి సంపాదించిన చిత్రము! గర్వముతో నా శిష్యునకు చూపితిని. అతడు కొంతసేపు చూచి మెల్లగా, "మాస్టారూ, ఇందులో ముందు ఏది చూడాలండి? నా కంటికి ఆ స్కూటరే కనబడుతున్నది" అనెను.

నాకు కోపము వచ్చినమాట నిజము. కాని రాత్రి ఒంటరిగా చూడగా అతని మాటయే సరియని తోచినది. కుడియంచున నిలిపియున్న తెల్లని స్కూటరు చిత్రమంతటిలో మిక్కిలి వెలుగు గల వస్తువు. రంగులు లేనిచోట కన్ను ముందుగా వెలుగునొద్దకే పోవును. అంతవరకు నేను చూచుచున్నది చిత్రమును గాదు. ఆనాటి వానను, నా శ్రమను. పరులకు ఆ వాన తెలియదు. కాగితముపై నున్నది మాత్రమే తెలియును. మరునాడు కుడియంచును కత్తిరించితిని.

ఈ మమకారమును జయించుటకు ఘనులును పాట్లు పడిరి. అమెరికా దేశపు గారీ వినోగ్రాండ్ న్యూయార్కు వీధులలో తీసిన ఫిల్మును వెంటనే కడుగక, ఏడాది వరకును దాచియుంచెడివాడు. తీసిననాటి ఉత్సాహము చల్లారినగాని మంచిచెడ్డలు తెలియవని అతని నమ్మకము. అయితే 1984లో అతడు మరణించునప్పటికి కడుగని ఫిల్ము చుట్టలు సుమారు 2,500 మిగిలియుండెను. ఓపికకును ఒక హద్దు ఉండవలెను గాబోలు!

స్విట్జర్లాండులో జన్మించిన రాబర్ట్ ఫ్రాంక్ 1955, 56 సంవత్సరములలో అమెరికా అంతయు తిరిగి సుమారు 28,000 చిత్రములు తీసెను. వానిలో వేయింటిని అచ్చువేసి, గోడలకు తగిలించి, నెలల తరబడి ఏరెను. 1958లో పారిస్‌లోను, మరుసటి యేట న్యూయార్కులోను వెలువడిన 'ది అమెరికన్స్' గ్రంథమున నిలిచినవి 83 మాత్రమే. మున్నూటికి పైగా తీయగా ఒకటి మిగిలినదన్నమాట.

ఫ్రాన్సు దేశీయుడైన హెన్రీ కార్టియర్ బ్రెసన్ తన చిత్రములను కత్తిరించుట సహింపనివాడు. అయినను 1932లో పారిస్‌లోని సెయింట్ లజార్ స్టేషను వెనుక, నీటిమడుగు మీదుగా దుముకుచున్న మనుష్యుని తీసిన చిత్రమును కత్తిరింపక తప్పలేదు. కంచె చెక్కల సందునుండి తీయుటచే ఎడమవైపున చెక్క అడ్డువచ్చినది. నియమమును పట్టుకొని చిత్రమును పోగొట్టుకొనుటకు అతడు సిద్ధపడలేదు.

ఇక నా చిత్రము మాట. సవరించిన ప్రతిని తీసికొనిపోయి ఆ ముదుసలి చేతిలో పెట్టితిని. ఆమె సంతోషించెను, కాని దండను తేరిపార జూచి, "పూలేవి బాబూ? అంతా ఆకే కట్టినట్టుందే!" అనెను. మా యిద్దరికిని కనబడని దోషమును ఆమె పట్టినది. కనకాంబరపు రంగును, మరువపు పచ్చదనమును కంటికి వేరువేరు. వాని వెలుగు సమముగా నున్నప్పుడు మాత్రము నలుపు తెలుపు చిత్రమున రెండును ఒకే బూడిదరంగు. ఫిల్ముతో తీయువారు కటకమునకు ముందు ఎర్ర ఫిల్టరు పెట్టి ఎరుపును తేల్చి, పచ్చదనమును ముదురుపరచెదరు. నేడు కంప్యూటరులో రంగుచిత్రమును నలుపు తెలుపుగా మార్చునప్పుడు ఒక్కొక్క రంగు వెలుగును వేరుగా హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. అట్లు చేయగా పూలు తెల్లగా పైకి తేలినవి.

ఇంకొక దోషము మిగిలినది. ముదుసలి తలనుండి మొలచినట్లు వెనుక ఒక కరెంటు స్తంభము. దానిని చెరిపివేయుట క్షణములో పని యని శిష్యుడు చెప్పెను, నేను ఒప్పుకొనలేదు. "స్కూటరును మీరే తీసివేశారు గదండీ!" అని అతడు నిలదీసెను. న్యాయమైన ప్రశ్నయే. ఏ చిత్రమైనను లోకములో కొంత గ్రహించి, తక్కినది విడుచును. అంచును కత్తిరించుట ఆ గ్రహణమునకు సవరణ. గ్రహించిన దానిలో ఉన్నదానిని లేదనుట సాక్షి అబద్ధమాడుట. వీధిచిత్రము వీధికి సాక్షి. ఆ స్తంభమునకు మందు ఒక్కటే: తీయునాడే ఒక అడుగు ప్రక్కకు జరుగుట.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. విద్యార్థి చిత్రమును చూపినప్పుడు "బాగున్నది", "బాగులేదు" అను మాటలవలన అతనికి ఒరుగునది లేదు. మీ కన్ను ముందెక్కడికి పోయినదో, పిదప ఎక్కడ చిక్కుకొన్నదో, ఏది లేకున్నను నష్టము లేదో చెప్పుడు. విద్యార్థులారా, విమర్శించువాడు ముగించువరకు మీరు చిత్రమును సమర్థించుకొనకుడు. ప్రతివాని ప్రక్కను నిలిచి వివరించుటకు మనము ఎల్లప్పుడు నుండము, చిత్రమే మాటలాడవలెను.

ఇప్పుడు ఆ ముదుసలి పూలబల్ల వెనుక గోడకు మూడవ ప్రతి వ్రేలాడుచున్నది. స్తంభమును గూర్చి ఆమె ఏమియు ననలేదు. పూలు కనబడినవి, ఆమెకు చాలినది. నాకు చాలలేదు. ఈ ఆదివారము తెల్లవారగనే మరల పూలబజారునకు పోవలెను.