నిందితుడు, ముద్దాయి, దోషి: తెలుగు న్యాయపరిభాషలో నిర్దోషిత్వ భావన

ఉపోద్ఘాతం:

నేరారోపణకు గురైన వ్యక్తిని తెలుగులో నిందితుడు, ముద్దాయి, దోషి అనే పదాలతో వ్యవహరిస్తున్నారు. వాడుకలో ఇవి పర్యాయపదాలుగా కనిపించినా న్యాయశాస్త్రరీత్యా వీటి మధ్య అంతరం ఉంది. మైలవరం శాసనసభ నియోజకవర్గంలోని ఇబ్రహీంపట్నంలో జరిగిన ఒక కేసు ఆధారంగా ఆ అంతరాన్ని, దానిని కాపాడే హక్కులను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

1. పదాల అర్థపరిధి:

నింద మోపబడినవాడు నిందితుడు. ఆ నింద నిజమో కాదో ఈ పదం చెప్పదు. దోషి అనే పదం న్యాయస్థానం నేరాన్ని నిర్ధారించిన తరువాతనే అన్వయిస్తుంది. ‘ముద్దాయి’ పదంలో అర్థవిపరిణామం కనిపిస్తుంది. అరబీ మూలంలో ‘ముద్దఈ’ అంటే వాది. తెలుగు క్రిమినల్ కోర్టుల వ్యవహారంలో మాత్రం అభియోగాన్ని ఎదుర్కొనేవాడు ముద్దాయి. ‘అసలు ముద్దాయి ఎవరు?’ అనే వాడుకలో ఈ పదం నేరం చేసినవాడనే అర్థాన్ని కూడా సంతరించుకుంది. విచారణకు ముందే తీర్పు భాషలోకి చేరడానికి ఇదొక నిదర్శనం.

2. రాజ్యాంగ రక్షణలు:

తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పవలసిందిగా నిందితుణ్ణి నిర్బంధించరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతున్నది. అరెస్టుకు కారణాలు తెలుసుకొనే హక్కు, తాను కోరుకున్న న్యాయవాదిని సంప్రదించే హక్కు 22(1) అధికరణం ద్వారా లభిస్తాయి. ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలన్నది 22(2) నియమం. పేద నిందితుడికి ఉచిత న్యాయసహాయం 21వ అధికరణంలో అంతర్భాగమని సుప్రీంకోర్టు 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో స్పష్టం చేసింది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం నిందితుడిపై రుజువుగా చెల్లదు. పూర్వపు సాక్ష్య చట్టంలో 25వ సెక్షనుగా ఉన్న ఈ నియమం, 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షనుగా కొనసాగుతున్నది.

3. ఇబ్రహీంపట్నం కేసు:

2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నంలోని ఒక ప్రైవేటు హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో అరెస్టయిన యువకుణ్ణి 2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు దోషిగా నిర్ధారించింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి అతడు ఎనిమిదేళ్లకు పైగా జైలు జీవితం గడిపాడు. 2018లో హైకోర్టు పునర్దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

నిందితుడి హక్కులు బాధితులకు వ్యతిరేకమనే అభిప్రాయాన్ని ఈ కేసు ప్రశ్నిస్తుంది. అరెస్టయినవాడు అసలు నేరస్థుడు కాడని మృతురాలి తల్లిదండ్రులే బహిరంగంగా వాదించారు. దర్యాప్తు తప్పు వ్యక్తిపై నిలిచినంతకాలం అసలు నేరస్థుడి కోసం వెదకడం ఆగిపోతుంది. అందువల్ల నష్టం జైలులో ఉన్నవాడితోపాటు బాధిత కుటుంబానికి కూడా కలుగుతుంది.

ముగింపు:

నిర్దోషిత్వ భావన నేరస్థుడిపై చూపే దయ కాదు. నిజాన్ని రాబట్టే పద్ధతి. నేరాన్ని రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్‌దే. తీర్పు వెలువడేవరకు ‘నిందితుడు’ అనే పదాన్నే పాటించడం పత్రికలకు, పాఠ్యపుస్తకాలకు, అనువాదకులకు పరిభాషాపరమైన బాధ్యత. అది ఒక వ్యక్తి స్వేచ్ఛతో ముడిపడిన బాధ్యత కూడా.