సైకిల్ చైను సాగదు, అరుగుతుంది

1870లలో ఇంగ్లండు రోడ్ల మీద తిరిగిన ఎత్తు సైకిళ్ళకు చైను లేదు. పెడళ్ళు ముందు చక్రానికే ఉండేవి. ఒక్క తొక్కుకి చక్రం ఒక్క చుట్టే తిరిగేది. వేగం కావాలంటే చక్రాన్ని పెంచడమే దారి. అలా పెరిగిన చక్రం మీంచి పడితే ప్రాణాపాయమే.

ఈ చిక్కు చైనుతో వీడింది. ముందున్న పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనకదానికి 18 పళ్ళు ఉంటే ఒక్క తొక్కుకి వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. అయితే అంతటి భారం మోస్తూ త్వరగా అరిగిపోని చైను కావాలి.

స్విట్జర్లాండులో పుట్టిన హాన్స్ రెనాల్డ్ 1879లో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫోర్డులో, బట్టల మిల్లు యంత్రాలకు చైన్లు చేసే చిన్న వ్యాపారం కొన్నాడు. అప్పటి చైన్లలో భారమంతా, పలచని పట్టీలను కలిపే పిన్ను మీద, ఆ పట్టీల అంచుల దగ్గరే పడేది. 1880లో ఆయన పిన్నుకి బుష్షు అనే చిన్న గొట్టం తొడిగి, దానిపైన తిరిగే రోలరు పెట్టాడు. భారం బుష్షు పొడవంతా పరుచుకుంది, అరుగుదల తగ్గింది. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ సైకిల్, చైనుతో వెనక చక్రాన్ని తిప్పి నేటి సైకిలుకి రూపమిచ్చింది. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కొలిచినప్పుడు, చైను తనకు అందిన శక్తిలో 98.6 శాతం దాకా చక్రానికి చేర్చింది.

"చైను సాగింది" అంటుంటాం. నిజానికి పట్టీలు సాగవు. వందకు పైగా ఉన్న కీళ్ళలో పిన్నూ బుష్షూ రవ్వంత చొప్పున అరుగుతాయి. ఆ సందులన్నీ కలిసి చైను పొడవు పెరుగుతుంది. అప్పుడది పళ్ళ మీద పైపైకి ఎక్కి వాటిని కొక్కేల్లా అరగదీస్తుంది.

పరీక్షకి స్కేలు చాలు. పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అరంగుళం. కాబట్టి ఒక పిన్ను మధ్య నుంచి, దాని తర్వాత వచ్చే 24వ పిన్ను మధ్యకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే పళ్ళచక్రాలు కూడా పాడై ఉండవచ్చు.

అరుగుదల తగ్గాలంటే చైనుకి పట్టిన మురికిని ముందు తుడవాలి. ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క నూనె వేసి, పెడల్‌ని వెనక్కి తిప్పి, పైకి మిగిలినదంతా గుడ్డతో తుడిచేయాలి. నూనె పని చేయాల్సింది కీళ్ళ లోపల. పైన నిలిచిన నూనె దుమ్ముని పట్టుకుని సానరాయిలా లోహాన్ని తినేస్తుంది.

చైనుతో పాటు పెడల్‌ని కూడా పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. కదులుతుంటే బేరింగులు వదులయ్యాయి, లేదా అరిగాయి. విప్పేటప్పుడు ఎడమ పెడల్‌కి ఎదురు మర ఉంటుందని గుర్తుంచుకోండి. తొక్కుతున్నప్పుడు పెడల్ దానంతటదే విప్పుకుపోకుండా చేసిన ఏర్పాటు అది.

చైను పళ్ళచక్రాల కంటే చవక. దాన్ని వేళకు మారిస్తే అవి ఏళ్ళ తరబడి మన్నుతాయి.