డేటాబేస్ తలుపు ఎవరికి తెరిచాం?

మన క్లబ్ పుస్తకాల మార్పిడి యాప్ గుర్తుందిగా? ఏ పుస్తకం ఎవరి దగ్గరుంది, వాళ్లది ఏ బ్లాక్, ఏ రూమ్, ఫోన్ నంబర్ ఎంత... అన్నీ అందులో ఉండేవి. దసరా సెలవుల్లో దాని డేటాబేస్ మొత్తం పోయింది. సర్వర్ క్రాష్ అవ్వలేదు. ఎవరో లోపలికొచ్చి టేబుల్స్ అన్నీ తుడిచేసి, బిట్‌కాయిన్ పంపితే తిరిగిస్తామని ఒక కొత్త టేబుల్‌లో రాసి వెళ్లారు. వాళ్లకి తలుపు తెరిచింది నేను రాసిన స్క్రిప్టే. అది అసలు ఏం చేసిందో, దాని రీడ్‌మీలో నేను ఏం రాయలేదో ఇప్పుడు చెప్తా.

టీమ్‌లో నలుగురం. సెలవులకి ఎవరి ఊరు వాళ్లు వెళ్లిపోయారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక క్లౌడ్ సర్వర్‌లో, డాకర్ కంటైనర్‌లో నడుస్తోంది. "ఇంటి నుంచి కనెక్ట్ అవ్వాలి, ఏదో ఒకటి చెయ్ రా" అన్నారు. స్క్రిప్ట్ రాశా. రీడ్‌మీలో ఒకే వాక్యం: "ఇది రన్ చేస్తే డేటాబేస్ బయటికి ఓపెన్ అవుతుంది." ఎవరికి ఓపెన్ అవుతుంది, ఎప్పటిదాకా, మళ్లీ మూయడం ఎలా అన్నది ఒక్క ముక్క లేదు.

కంటైనర్‌కి సొంత నెట్‌వర్క్ ఉంటుంది, సొంత ప్రైవేట్ ఐపీ ఉంటుంది (మామూలుగా 172.17 తో మొదలవుతుంది). లోపల పోస్ట్‌గ్రెస్ 5432 పోర్ట్ మీద వింటున్నా, బయటి ఇంటర్నెట్‌కి ఆ అడ్రస్‌కి దారి తెలీదు. ఆ దారి వేసేదే డాకర్ రన్‌లో మైనస్ పీ ఆప్షన్. మైనస్ పీ 5432:5432 అంటే ఎడమ పక్కది సర్వర్ పోర్ట్, కుడి పక్కది కంటైనర్ పోర్ట్. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. కానీ ముందు ఐపీ ఏదీ ఇవ్వకపోతే డాకర్ దాన్ని 0.0.0.0:5432:5432 అనుకుంటుంది. అంటే సర్వర్‌కి ఎన్ని నెట్‌వర్క్‌లు ఉంటే అన్నిటి మీదా తలుపు తెరిచినట్టే. నేను తెరిచింది ముగ్గురు ఫ్రెండ్స్ కోసం, తెరుచుకున్నది ప్రపంచం మొత్తానికి.

"ఫైర్‌వాల్ ఉందిగా" అని మీరు అడుగుతారు. మేమూ అదే అనుకున్నాం. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఆన్ చేసి 22 పోర్ట్ ఒక్కటే అనుమతించాం. స్టేటస్ చూస్తే 22 ఒక్కటే కనిపిస్తోంది. అయినా ఖమ్మం నుంచి మావాడికి 5432 కనెక్ట్ అయింది. "అయింది మచ్చా!" అని పండగ చేసుకున్నాం గానీ, అసలు ఎలా అయిందని నలుగురిలో ఒక్కడికీ డౌట్ రాలేదు.

మన హాస్టల్ లెక్కన చెప్తా. మెయిన్ గేట్ దగ్గర వాచ్‌మన్ అన్న రిజిస్టర్‌లో సంతకం లేకుండా ఎవర్నీ వదలడు. కానీ మెస్‌కి కూరగాయల ఆటో వెనక గేట్ నుంచి వస్తుంది, ఆయనకి కనపడదు. డాకర్ చేసేది ఇదే. మనం పోర్ట్ పబ్లిష్ చేయగానే అది ఐపీటేబుల్స్‌లో తన రూల్స్ తనే రాసుకుంటుంది. వచ్చిన ప్యాకెట్ అడ్రస్ ముందే కంటైనర్ అడ్రస్‌గా మారిపోతుంది, కాబట్టి అది ఇన్‌పుట్ దారిలో కాకుండా ఫార్వర్డ్ దారిలో పోతుంది. మనం యూఎఫ్‌డబ్ల్యూలో పెట్టిన రూల్ కూర్చున్నది ఇన్‌పుట్ గేట్ దగ్గర. దాన్ని ఎవరూ అడగనే లేదు. సర్వర్ బయట క్లౌడ్ వాళ్ల ఫైర్‌వాల్ వేరే ఉంటుంది, దాన్ని డాకర్ ముట్టుకోలేదు. అది ఉంటే బతికిపోయేవాళ్లం. కానీ మొదటి రోజే ఏదో పనిచేయట్లేదని అందులో "అన్నీ అనుమతించు" టిక్ పెట్టేశాం.

ఇక పాస్‌వర్డ్. యూజర్ నేమ్ పోస్ట్‌గ్రెస్, పాస్‌వర్డ్ కూడా పోస్ట్‌గ్రెస్. నవ్వకండి, మీ మినీ ప్రాజెక్ట్ ఒకసారి చూసుకోండి. నిజానికి మధ్యలో నేను కంపోజ్ ఫైల్‌లో మార్చా కూడా. కానీ ఆ పాస్‌వర్డ్ వేరియబుల్‌ని ఇమేజ్ డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడు, మొదటిసారి మాత్రమే చదువుతుంది. పాత వాల్యూమ్ ఉంటే పట్టించుకోదు. మార్చాక కంటైనర్ లోపలికి వెళ్లి టెస్ట్ చేశా, లాగిన్ అయింది. లోపలి నుంచి వచ్చే కనెక్షన్లని ఆ ఇమేజ్ పాస్‌వర్డ్ అడగకుండానే నమ్ముతుందని అప్పుడు తెలీదు. మావాళ్ల ల్యాప్‌టాప్‌లలో పాతది సేవ్ అయి ఉంది కాబట్టి వాళ్లకీ తేడా తెలీలేదు. నిజంగా మార్చాలంటే డేటాబేస్ లోపలే ఆల్టర్ యూజర్ కొట్టాలి.

మనల్ని ఎవరు పట్టించుకుంటారులే అనుకోవడం ఇంకో తప్పు. మనమెవరో వాళ్లకి అక్కర్లేదు, ఐపీలన్నీ వరసగా తట్టుకుంటూ పోయే బాట్లు అవి. 2017 జనవరిలో ఇలాగే పాస్‌వర్డ్ లేకుండా వదిలేసిన మాంగోడీబీ డేటాబేస్‌లు వేల కొద్దీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఏడాదే వచ్చిన 3.6 వెర్షన్ నుంచి అది డిఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్‌లోనే వింటుంది. అయితే డాకర్ ఇమేజ్‌లో మళ్లీ అన్ని అడ్రస్‌ల మీదా వినేలా పెడతారు. కంటైనర్ లోపలి లోకల్‌హోస్ట్‌కి బయటివాళ్లెవరూ చేరలేరు కాబట్టి తప్పదు. అంటే జాగ్రత్త పడాల్సింది మైనస్ పీ రాసేవాడే.

ఇప్పుడు స్క్రిప్ట్‌లో 127.0.0.1:5432:5432 అని ఉంది. తలుపు సర్వర్ లోపలివాళ్లకే. ఇంటి నుంచి రావాలంటే ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్: మైనస్ పెద్ద ఎల్, 5433:లోకల్‌హోస్ట్:5432, తర్వాత సర్వర్ పేరు. మీ ల్యాప్‌టాప్‌లో 5433కి కనెక్ట్ అయితే సర్వర్‌లోని 5432కి చేరతారు. 5433 ఎందుకంటే మీ దగ్గర కూడా పోస్ట్‌గ్రెస్ నడుస్తుంటే 5432 ఖాళీ ఉండదు. లోకల్‌హోస్ట్ అన్నది ఇక్కడ సర్వర్‌ది, మీది కాదు. నేను అరగంట అక్కడే తన్నుకున్నా. డేటాబేస్ వాడేది పక్క కంటైనర్‌లోని యాప్ ఒక్కటే అయితే మైనస్ పీ అసలు వద్దు, కంపోజ్‌లో సర్వీస్ పేరుతోనే దొరుకుతుంది.

మీ ప్రాజెక్ట్‌లో డాకర్ పీఎస్ కొట్టి పోర్ట్స్ కాలమ్ చూడండి. డేటాబేస్ పక్కన 0.0.0.0 కనిపిస్తే కంటైనర్ ఆపి, తీసేసి, మళ్లీ చేయాలి, నడుస్తున్నదానికి పోర్ట్ మార్చలేం. కంపోజ్ డౌన్‌కి మాత్రం మైనస్ వీ తగిలించకండి, డేటా వాల్యూమ్ కూడా పోతుంది.

పుస్తకాల లిస్ట్‌ని సెప్టెంబర్ బ్యాకప్ నుంచి తెచ్చాం. డబ్బులు పంపలేదు. కానీ తుడిచినవాళ్లు ముందు కాపీ చేసుకున్నారో లేదో తెలుసుకునే దారి మాకు లేదు, ఎందుకంటే కనెక్షన్ లాగ్స్ ఆన్ చేయలేదు. యాప్‌లో పేరున్న ప్రతి ఒక్కరికీ ఈ వారం నా నుంచి మెసేజ్ వస్తుంది. మీ నంబర్‌కి తెలీని కాల్స్ వస్తే అందులో ఓటీపీ చెప్పకండి, నాకు ఒక మాట చెప్పండి.