వైద్యం వ్రేళ్లకా? వాద్యానికా?

ఎడమచేతి నాలుగు వ్రేళ్ల కొనలు మాత్రమే ఎర్రగా కంది, వాటిమీద అడ్డంగా గాట్లు పడి, దూది తాకినా ఉలిక్కిపడే స్థితిలో ఒక పదమూడేళ్ల బాలిక రెండేళ్ల క్రితం తెనాలిలోని మా వైద్యశాలకు వచ్చింది. మొదట నాకు కారణం తోచలేదు. పొయ్యి దగ్గర కాల్చుకున్నావా అని అడిగాను. "కాదు తాతగారూ, గిటారు" అన్నది తలవంచుకుని.

వెంట వచ్చిన తల్లి అందుకున్నది. "వాళ్ల నాన్నగారు ముచ్చటపడి కొన్నదండీ. ఆయన పోయిన తరువాత తనే నేర్చుకుంటానని మొండిపట్టు పట్టింది. నెల తిరగకుండానే నొప్పి అంటూ మూలన పెడుతున్నది. దీనికి ఏ పనిలోనూ నిలకడ లేదు."

పాఠకులకు నా పొరపాటును దాచకుండా చెబుతున్నాను. నేను ఆ తల్లి మాటనే బలపరిచాను. ఏ విద్య అయినా ఊరికే రాదని, కొంచెం ఓర్చుకోవాలని బాలికకు హితబోధ చేశాను. వైణికులు సాధనకు ముందు వ్రేళ్లకు కొబ్బరినూనె అద్దుకోవడం చిన్ననాటినుండి చూచినవాడిని గనుక, గిటారు పట్టేముందు కొబ్బరినూనె, రాత్రి పడుకునేముందు శతధౌత ఘృతం రాయమన్నాను. పది రోజుల తరువాత వాళ్లు మళ్లీ వచ్చారు. గాట్లు మరింత లోతుగా దిగాయి. చూపుడువ్రేలి చర్మం చిట్లింది.

నా మందు ఎందుకు వికటించింది? వీణ మీద వ్రేలు తీగ వెంబడి జారుతూ గమకాన్ని పలికిస్తుంది. ఆ జారుడుకు నూనె సాయపడుతుంది. గిటారులో వ్రేలు అధికభాగం ఒకేచోట తీగను గట్టిగా నొక్కి, లేచి, మరొక చోట నొక్కుతుంది. అక్కడ చర్మం గట్టిపడాలి. కాయకష్టం చేసేవారి అరచేతులు కాయలు కాచినట్లే వ్రేలికొనలు కాయ కాయాలి. నేనేమో రోజూ నూనెతో నానబెట్టి, ఆ కాయ కాయకుండా చేశాను. మెత్తబడిన చర్మంలోకి ఉక్కుతీగ కత్తివలె దిగింది.

మన శాస్త్రం చికిత్సలో మొదట చెప్పేది నిదాన పరివర్జనం, అంటే రోగకారణాన్ని తొలగించడం. నేను రోగాన్ని చూచానేగాని కారణాన్ని చూడలేదు. సిగ్గుపడి, ఈసారి గిటారును కూడా తీసుకురమ్మన్నాను.

తెచ్చారు. మొదటి మెట్టు దగ్గర మందపు తీగను చూపుడువ్రేలితో నొక్కి చూచాను. యాభై ఏళ్లుగా కల్వంలో మందులు నూరిన చేయి నాది. అయినా తీగ మెట్టును తాకేసరికి వ్రేలికొన తెల్లబడింది. తల్లిని కూడా నొక్కి చూడమన్నాను. నొక్కి, వెంటనే చేయి తీసివేసి, కూతురి వైపు చూచింది. తరువాత ఆమె నోట నిలకడ అన్న మాట రాలేదు.

విజయవాడలో హార్మోనియంలు, గిటార్లు బాగుచేసే ఒక మేస్త్రి నాకు పరిచయం. అతడు గిటారును కంటికి ఎదురుగా ఎత్తిపట్టి, దండి వెంబడి ఒక్కసారి చూచి, "పిల్లది కాదండీ తప్పు, దీనిది. ఇంత ఎత్తు తీగలతో పెద్దవాళ్లకే ఏడుపొస్తుంది వైద్యులుగారూ" అన్నాడు. కొన్న దుకాణంలో ఎవరూ సరిచూడకుండానే చేతికిచ్చారట. ఇది ఈ ఒక్క గిటారుకు వచ్చిన లోపం కాదు. చౌకరకం గిటార్లు చాలావరకు ఇలాగే అమ్ముడవుతాయి. నేర్చుకునేవారు మానుకుని, తమకు చేతకాలేదనుకుంటారు.

అతడు చూపిన పరీక్షలు ఎవరైనా ఇంట్లో చేసుకోదగినవి. గిటారు దండి మీద 12వ మెట్టు తీగ నిడివికి సరిగ్గా సగంలో ఉంటుంది. అక్కడ మెట్టుకు, దానిపైనున్న తీగకు మధ్య ఎడం కొలవాలి. ఉక్కుతీగల గిటారులో మందపు తీగ క్రింద సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, సన్నతీగ క్రింద రెండు మిల్లీమీటర్లకు లోపు ఉంటే చేతికి హాయి. ఈ గిటారులో మందపు తీగ క్రింద నాలుగు మిల్లీమీటర్లు ఉన్నది! రెండవ పరీక్ష: తీగను మూడవ మెట్టు దగ్గర నొక్కిపట్టి మొదటి మెట్టును చూడాలి. అక్కడ తీగ క్రింద పలుచని కాగితమంత సందు చాలు. అంతకు మించితే, తల దగ్గర తీగలు ఆనే నట్ అనే పట్టీలోని గాళ్లు లోతు చాలలేదన్నమాట. కొత్తవారు మొదట నేర్చుకునే స్వరకూటాలన్నీ మొదటి మూడు మెట్ల మీదనే ఉంటాయి గనుక, బాధ అంతా ఇక్కడే పుడుతుంది.

మేస్త్రి సన్నని ఆకురాయితో నట్ గాళ్లను లోతుచేశాడు. బ్రిడ్జి మీద నిలిచే శాడిల్ అనే తెల్లని పట్టీని ఊడదీసి అడుగుభాగాన్ని అరగదీశాడు. 12వ మెట్టు వద్ద ఒక మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్‌లో రెండు మిల్లీమీటర్లు తగ్గించాలి. ఎక్కువ అరగదీస్తే తీగ మెట్లకు తగిలి గరగరలాడుతుంది. ఇది తెలిసినవారి చేతనే చేయించాలి. గిటారుకు ఇలాంటి ఖర్చు ఏమిటని కొందరు విసుక్కుంటారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో చేసే వీణకైనా మెట్లు మైనంలోనే కదా నిలిచేది! ఆ మైనం చెడినప్పుడల్లా వైణికులు మళ్లీ మేళం కట్టించుకుంటారు. గిటారుకూ అదే మర్యాద.

తరువాత తీగలు. సాధారణంగా వేసే తీగల జతలో సన్నతీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు. ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. వెయ్యింట 10 వంతుల జత వేస్తే ఆ లాగుడు పది కిలోలకు పైగా తగ్గుతుంది. ధ్వని కాస్త పలుచనవుతుంది, కాని నేర్చుకునేనాడు అది లోటు కాదు. శ్రుతిని అరస్వరం దించినా బిగువు పదో వంతుకు పైగా తగ్గుతుంది. నైలాన్ తీగల గిటారు ఇంకా మెత్తన. అయితే దాని దండి వెడల్పు, చిన్నచేతులకు అందడం కష్టం. నైలాన్ గిటారుకు ఉక్కుతీగలు మాత్రం ఎన్నడూ బిగించకూడదు. ఆ బిగువుకు బ్రిడ్జి ఊడివస్తుంది.

బాధను తప్పించుకోవడం పిరికితనమనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో 1965లో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల యువకుడు రేకుల కర్మాగారంలో రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. అతడు ఎడమచేతివాటం గనుక తీగలు నొక్కే కుడిచేతి వ్రేళ్లే తెగాయి. ప్లాస్టిక్ సీసాను కరిగించి వ్రేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటిపై తోలు అంటించాడు, సన్నని తీగలు వెదకి వేసుకున్నాడు, తరువాతి కాలంలో శ్రుతి కూడా దించాడు. అతడు వాయించినది విద్యుత్ గిటారే అయినా, లోకప్రసిద్ధుడైన ఆ వాద్యకారుడు వాద్యాన్ని తన చేతికి అనువుగా మార్చుకోవడానికి వెనుకాడలేదు.

ఇక వ్రేళ్ల సంగతి. చిట్లిన చర్మం పూర్తిగా మానేవరకు తీగ తాకరాదు. పుండును శుభ్రమైన నీటితో కడిగి పొడిగా ఉంచాలి. మానిన తరువాత ఒక్కసారికి పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. గంటసేపు ఏకబిగిన చేసి రెండు రోజులు మానుకోవడం కంటే ఇది మేలు. స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే, అంటే చర్మం నాని ఉన్నప్పుడు వాయించకూడదు. ఎడమచేతి గోళ్లు కురచగా కత్తిరించుకోవాలి. తీగను మెట్టుకు ఆనుకుని వెనుకగా నొక్కితే సగం బలంతోనే స్వరం పలుకుతుంది. మెట్ల మధ్య నొక్కితే వ్రేలికి శిక్ష. నెయ్యి, కొబ్బరినూనె రాత్రిపూటకే, అదీ చర్మం పగిలేంత ఎండినప్పుడే. కరక్కాయ, పటిక వంటి వగరు ద్రవ్యాలతో చర్మాన్ని త్వరగా గట్టిపరచమని కొందరు సలహా ఇస్తారు. నేను ఇవ్వను. త్వరపడి బిగిసిన చర్మం పెళుసై పగులుతుంది. రెండు నుండి నాలుగు వారాల్లో కాయ దానంతటదే కాస్తుంది.

ముంజేయి బడలికగా ఉంటే గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా మర్దించి, ఉప్పుమూటతో కాపడం పెట్టుకోవచ్చు. కూర్చునే తీరును కూడా చూచుకోవాలి. గిటారును ఎడమతొడ మీద ఉంచి, ఎడమపాదం క్రింద జానెడుకు లోపు ఎత్తుగల పీట వేసుకుంటే మణికట్టు వంగకుండా ఉంటుంది. వ్రేలికొన మంట సహజం. మణికట్టులో పోటు, వ్రేళ్లలో తిమ్మిరి, రాత్రివేళ మొద్దుబారడం మాత్రం సహజం కావు. అవి కనిపిస్తే వాద్యం ప్రక్కన పెట్టి వైద్యునికి చూపించాలి. మధుమేహం ఉన్నవారు వ్రేలి పుండును ఒక్కరోజు కూడా ఉపేక్షించరాదు.

ఆ బాలికకు మేస్త్రి గిటారు తిరిగి ఇచ్చిన పది రోజులకు చూపుడువ్రేలు మానింది. నెల దాటాక మా వైద్యశాల అరుగుమీద కూర్చుని రెండు స్వరకూటాలు మార్చి మార్చి వాయించి చూపింది. మార్చడం ఇంకా నెమ్మదే. వాళ్ల నాన్నకు ఇష్టమైన పాట ఒకటి ఉన్నదట, అది వచ్చేవరకు అమ్మకు వినిపించనన్నది. మొన్నటి వానాకాలంలో గాలి తేమకు చెక్క ఉబ్బి తీగలు మళ్లీ కొంచెం లేచాయి. ఈసారి నా వద్దకు రాలేదు. 12వ మెట్టు దగ్గర స్కేలు పెట్టి కొలుచుకుని, తల్లిని వెంటబెట్టుకుని నేరుగా విజయవాడ బస్సెక్కింది.