వీరాపురపు కొంగలు – మాఱుచున్న వానలు



అనంతపుర సీమలోఁ బుట్టి పెరిగినవారికి కఱవనఁగా నేమో వేఱుగాఁ జెప్ప నక్కఱలేదు. 1876వ సంవత్సరమునఁ బొడసూపిన ధాత కఱవు ముచ్చటలు తాతల నోటినుండి మనుమల చెవులఁ బడుచు నేఁటికిని నిలిచియున్నవి. కావుననే ‘వాతావరణము మాఱుచున్నది, అందువలన వన్యప్రాణులకు ముప్పు వాటిల్లుచున్నది’ అని చదువుకొను పిల్లలు చెప్పఁగా, మనలోఁ బెద్దలు కొందఱు ‘ఎండలును కఱవులును ఈ సీమకుఁ గ్రొత్తవా? ఇచ్చటి మృగపక్షులకుఁ గ్రొత్తవా?’ అని యడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానము వెదకుటకు దూరదేశములకుఁ బోవఁ బనిలేదు. హిందూపురము ప్రాంతముననున్న వీరాపురమను పల్లెలో చింతచెట్లపై గూళ్ళు కట్టుకొను కొంగల బ్రదుకును విచారించిన చాలును.

వీరాపురము చిలమత్తూరు మండలములోనిది. పూర్వము అనంతపురము జిల్లాలో నుండి, 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో జిల్లాలు విభజింపఁబడినప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోఁ జేరినది. ఏఁటేఁట సంక్రాంతి ప్రాంతమున ఈ యూరికిఁ బెద్దకొంగలు గుంపులు గుంపులుగా వచ్చి, ఇండ్ల నడుమనున్న చింతచెట్లపైఁ గాపురములు పెట్టును. పిల్లలకు ఱెక్కలు వచ్చిన పిదప, వానకాలమున వెడలిపోవును. తెల్లని మేను, ఱొమ్మున నల్లని పట్టె, తోఁక దగ్గఱ గులాబివన్నె యీఁకలు, పసుపుపచ్చని పొడవైన ముక్కు, ఇవి వాని గుఱుతులు. ఊరివారు వానిని గొట్టరు, ఒరులను గొట్టనీయరు. అవి వచ్చిన యేఁడు ఊరికి మేలు కలుగునని వారి నమ్మకము. పురిటికి వచ్చిన యాఁడుబిడ్డను జూచుకొన్నట్లు వానిని జూచుకొందురు. లేపాక్షి యచ్చటికిఁ జేరువనే యున్నది. రావణునితోఁ బోరి ఱెక్కలు తెగి పడిన జటాయువును శ్రీరాముఁడు ‘లే, పక్షీ’ యని పలుకరించిన తావు అదియే యని స్థలపురాణము. పక్షి కష్టమును తన కష్టముగాఁ దలఁచు సంప్రదాయము ఈ నేలకు నేఁడు వచ్చినది కాదు.

జనులు వీనిని సైబీరియా కొంగలందురు. అది వాడుకమాటయే గాని నిజము కాదు. ఇవి మన దేశపుఁ గొంగలే. నీరును చేఁపలును దొరకు చోట్లను వెదకుకొనుచు దేశములోనే యొక తావునుండి యింకొక తావునకుఁ దిరుగుచుండును. ఈ భేదము చిన్నదిగాఁ దోఁపవచ్చును, కాని చిన్నది కాదు. దూరదేశపుఁ జుట్టములైనచో, ఒక యేఁడు రాకున్నను ‘వాని యిల్లు వానికిఁ గలదు’ అని యూఱడిల్లవచ్చును. మన యింటి పక్షులే యైనప్పుడు, మన చెఱువు లెండుటయే వాని యిల్లు పాడగుట.

ఇఁక వాని కాపురపు లెక్కను గొంచెము చూతము. ఈ కొంగ రెండు మొదలు అయిదు దాఁక గ్రుడ్లు పెట్టును. పొదుగుటకు సుమారు ఒక నెల పట్టును. పిల్లలు ఎగురనేర్చుటకు మఱి రెండు నెలలు కావలయును. అనఁగా మొదటి గ్రుడ్డు మొదలు మూఁడు నెలల కాలము, కొంగ యెగిరిపోయి తిరిగి రాఁగల దూరములో, చేఁపలుగల నీరు తప్పక యుండవలయును. మాఘమాసమున గ్రుడ్లు పెట్టిన జంటకు వైశాఖము దాఁక చెఱువు నిలువవలయు నన్నమాట. ఆ నీరును ఎట్టిదైనఁ జాలదు. ఈ పక్షి కన్నులతోఁ జూచి చేఁపను బట్టదు. ముక్కును సగము తెఱచి నీట ముంచి అటునిటు నాడించుచు, ముక్కునకుఁ జేఁప తగిలినంతనే గుభాలున మూసికొనును. కావున దాని కాళ్ళు నిలువఁదగిన పలుచని నీరే దానికి వలయును. లోఁతు జలాశయము నిండియున్నను దానికి నడుమనుండు నీరు పనికిరాదు. చెఱువు అంచుననుండు పలుచని నీరే దాని పొలము. ఎండలో మొదట నెండునదియు నదియే.

ఆ నీరు వచ్చుట వానవలన. మన సీమకు సంవత్సరమున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అనఁగా ఇరువదిరెండు అంగుళములు మాత్రమే. నైఋతి మేఘములు పడమటి కనుమలపైఁ దమ నీరు చాలవఱకు విడిచి, తేలికపడి యిచ్చటికి వచ్చును. ఈశాన్యపు వానలు తూర్పుతీరమునఁ గురిసి కురిసి, ఇంతదూరము వచ్చునప్పటికి డస్సిపోవును. రెండు విందుల నడుమఁ గూర్చుండి రెండింటను గడపటి పంక్తియే దొరకినవాని స్థితి మనది. ఈ సంగతి నెఱిఁగియే పూర్వులు బుక్కరాయసముద్రము, ధర్మవరము, బుక్కపట్నము వంటి చెఱువులఁ గట్టించిరి. కొన్నిదినములలోఁ గురిసిన వానను ఏఁడాది పొడుగున నిలుపుకొను నేర్పు అది. కొంగలును ఆ చెఱువుల నమ్మియే బ్రదికినవి. కఱవులు అప్పుడును వచ్చినవి. కాని రెండు మూఁడేండ్లకు మంచివాన కురిసినంతనే చెఱువులు నిండి, పక్షులు మరల వృద్ధినొందెడివి. పాత కఱవునకు ఒక తెరపి యుండెను.

ఇప్పుడు క్రొత్తగా వచ్చినది యేమి? లోకమెల్ల వేఁడెక్కుచుండుట. భూమిచుట్టునున్న గాలిలో బొగ్గుపులుసు వాయువు కొంచెముగాఁ గలదు. అది మన కురుబవారు నేయు గొంగళివంటిది. గొంగళి తానుగా వేఁడి నీయదు, మేని వేఁడిని బయటికిఁ బోనీయదు. ఆ వాయువును ఎండవలన భూమికిఁ గలిగిన వేఁడిని ఆకాశమునకుఁ జప్పునఁ బోనీయక పట్టియుంచును. యంత్రములు ప్రబలుటకుఁ బూర్వము పదిలక్షల పాళ్ళ గాలిలో నది 280 పాళ్ళుండెను. నేలబొగ్గును, పెట్రోలును కాల్చఁగాఁ గాల్చఁగా నేఁడు 420 పాళ్ళకు మించినది. గొంగళి దళసరి యైనది. ఇట్లు జరుగునని స్వీడను దేశపు శాస్త్రజ్ఞుఁడు ఆరీనియసు 1896వ సంవత్సరముననే లెక్కగట్టి చెప్పెను. 1901 మొదలు 2018 వఱకు మన దేశపు సగటు వేఁడి సుమారు 0.7 సెంటిగ్రేడు డిగ్రీ పెరిగినదని భారత ప్రభుత్వపు భూవిజ్ఞాన శాఖ 2020లోఁ బ్రకటించినది.

ఒక డిగ్రీకిఁ దక్కువైన దానికి ఇంత భయమేల యందురా? గాలి ఒక డిగ్రీ వేఁడెక్కిన, అది మోయఁగల నీటియావిరి నూటికి సుమారు ఏడుపాళ్ళు హెచ్చును. కడవ పెద్దదైనట్లు తలఁపుఁడు. పెద్దకడవ నిండుటకుఁ బెక్కుకాలము పట్టును. నిండి యొరిగినప్పుడు ఒక్కసారిగాఁ గ్రుమ్మరించును. అందువలన వానకును వానకును నడుమ తెరపి దీర్ఘమగును, కురిసినప్పుడు కుండపోఁత యగును. ఆ తెరపిలో దప్పిగొన్న గాలి చెఱువునీటిని, పొలముల తేమను ఇంకను ద్వరగాఁ బీల్చుకొనును. సంవత్సరపు కొలఁత సరిగానే యున్నను, కార్తె తప్పిన వాన సేద్యమునకు రానట్లే, కాపురపు వేళఁ దప్పిన నీరు పక్షికిఁ గూడ రాదు.

2021వ సంవత్సరము నవంబరులో ఏమి జరిగినదో తలఁచుకొనుఁడు. ఏఁడాదిలోఁ జాలభాగము ఇసుకయే కనఁబడు చిత్రావతి పొంగి పొరలి, మన సీమలో ప్రవాహము నడుమఁ జిక్కుకొన్న పదిమందిని వైమానికదళమువారి హెలికాప్టరు కాపాడవలసి వచ్చినది. మఱుసటి యేఁడు అక్టోబరులో అనంతపుర పట్టణపు వీధులు నీట మునిఁగినవి. ఒక్క వఱదను జూపి ‘ఇది యంతయు వేఁడిమి ఫలమే’ యని చెప్పుట శాస్త్రము కాదు. వంకలను పూడ్చి యిండ్లు కట్టుటయుఁ గారణమే. కాని వేఁడెక్కిన లోకమున నిట్టి వానలు తఱచగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇట్టి వాన చెఱువునకుఁ దెచ్చునది నీటికంటె ఒండ్రుమట్టియే హెచ్చు. పూడిన చెఱువు మాఘమున నిండుగాఁ గానవచ్చును, చైత్రమునకే బీటలు వాఱును. అప్పటికి గూళ్ళలో పిల్లలు ఆఁకలికి నోళ్ళు తెఱచుచుండును. పైనుండి యెండ. తల్లియో తండ్రియో ఱెక్కలు విప్పి పిల్లలకు నీడపట్టి నిలువఁగా, రెండవది యొక్కటే నానాఁటికి దూరమగు నీటికై యెగిరిపోవలయును.

ఉన్నతపాఠశాలలోఁ జదువు బాలుఁడొకఁడు ఈ మాటలు విని, ‘అయ్యా, వానికి ఱెక్కలున్నవి గదా, వేఱొక చోటికిఁ బోరాదా?’ అని యడిగెను. తెలివైన ప్రశ్న. పెద్దకొంగ పోఁగలదు. గూటిలోని పిల్ల పోలేదు. పోయిన కొంగకును నీటితోపాటు గట్టిచెట్టును, కొట్టని జనులును కావలయును. గుంటూరుదరి ఉప్పలపాడు, నెల్లూరిసీమలోని నేలపట్టు, కన్నడదేశమున కొక్కరెబెళ్ళూరు వంటి చోట్లు వేళ్ళమీఁద లెక్కింపఁదగినవి. ఱెక్కలు లేని ప్రాణుల సంగతి మఱింత కష్టము. కల్యాణదుర్గము వైపు కొండలలోని యెలుగుబంట్లు దప్పికకును తిండికిని ఊళ్ళలోనికి వచ్చుచున్నవి, మనుష్యులకును వానికిని గాయములగుచున్నవి. ఉరవకొండ ప్రాంతమునఁ గృష్ణజింకలు పైరుల మేయఁగా రైతు కన్నీరు పెట్టుకొనుచున్నాఁడు. జింక మన రాష్ట్రపు మృగము, దానిని జంపుట చట్టవిరుద్ధము. రైతు కష్టమును అబద్ధము కాదు. మేఁత యెండిన జింకయు, పంటపోయిన రైతును ఒకే కఱవునకు లోనైనవారు.

పూర్వము ఒకచోట మేఁత లేకున్న మృగములు మఱియొక చోటికిఁ బోయెడివి. ఇప్పుడు నడుమ రహదారులు, కంచెలు, కట్టడములు లేచినవి. బీళ్ళు పొలములైనవి. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడును బట్టమేకపిట్టలకై 1988లో అభయారణ్యముగాఁ జేసిరి. ఆ పక్షి ఏఁటికి సామాన్యముగా ఒక్క గ్రుడ్డే పెట్టును. నేఁడు అది యచ్చటఁ గనఁబడుటయే యరుదు. దాని క్షీణతకు ముఖ్యకారణము గడ్డిబీళ్ళు తఱుఁగుట. ఇట్లు తావులు కోల్పోయి నీరసించిన జాతులపైకే ఇప్పుడు వేఁడిమి వచ్చి పడుచున్నది. పోవుటకుఁ జోటు లేని ప్రాణికి ఏమగునో ఆస్ట్రేలియాలోఁ జూచిరి. అచ్చటి బ్రాంబుల్ కే యను చిన్నలంకలో మాత్రమే బ్రదికిన యెలుకజాతి యొకటి, సముద్రపు నీరు లంకపైకి వచ్చి వచ్చి, నశించినది. అది లేకపోయినట్లు ఆ ప్రభుత్వము 2019లోఁ బ్రకటించినది.

మనము చేయఁగలది యేమి? లోకమునఁ బేరుకొన్న పొగలో మన పల్లెల పాలు స్వల్పము. దానిని దగ్గించుట రాజ్యముల పని, పరిశ్రమల పని. కాని కొంగకును వైశాఖమునకును నడుమ నిలువవలసిన నీరు మన చేతిలోనిది. చెఱువు పూడిక తీయించుట, వాఁగువంకల నాక్రమణలనుండి కాపాడుట, తూము తలుపు సరిచేయించుట, చేఁపలగుత్త ఇచ్చునప్పుడు వేసవిలో అడుగంట నీరు తోడి చేఁపలు పట్టరాదను షరతు వ్రాయించుట, ఇవి గ్రామసభలోఁ దీర్మానింపఁదగిన పనులే. పూడికమట్టి పొలమునకు బలము. చెఱువున నీరున్నచో బావులలో ఊట యుండును. పక్షికిఁ జేసిన మేలు రైతునకే తిరిగి వచ్చును. చింతచెట్టు గూళ్ళు మోయునంత కావలెనన్న దశాబ్దములు పట్టును. పాతచెట్లు పడిన పిదప నాటుద మన్న ఆలస్యమగును, నేఁడే నాటవలయును.

ఇంకొక్క పని కలదు, అది ప్రత్యేకించి మీవంటి చదువెఱిఁగిన పెద్దలు చేయఁదగినది. ఏ యేఁట ఏ కార్తెలోఁ దొలివాన పడినదో, చెఱువు ఎన్నఁడు నిండి యెన్నఁ డెండినదో, పక్షులు ఏ తిథిని వచ్చి యేనాఁడు పోయినవో మీ జ్ఞాపకములలోఁ గలదు. ప్రభుత్వపు వానకొలమానము మండలమునకు ఒకటి రెండు చోట్లనే యుండును. మీ యూరి వానను మీరే యెఱుఁగుదురు. పంచాంగపు టంచున గుఱుతు పెట్టుకొను నలవాటు మనలోఁ బలువురకుఁ గలదు. ఆ గుఱుతులనే యొక పుస్తకములో వరుసగా వ్రాసి, బడిపిల్లలలో నొకనికో యొకతెకో నేర్పి, ఏఁటేఁట కొనసాగింపుఁడు. వాన మాఱినదా లేదా యను వివాదమును దీర్చునది ఆ పుస్తకమే. చెఱువునకు నిధు లడుగఁబోయినప్పుడు అధికారి ముందుంచఁదగిన సాక్ష్యమును అదియే. ఈ యుగాదికి క్రొత్త పంచాంగము కొనునప్పుడు, దానితోఁ గూడ ఒక తెల్లకాగితముల పుస్తకమునుఁ గొనవలయునని నా మనవి.