పదానికి ఇంటిపేరు

పదమూడవ శతాబ్దంలో మనుమసిద్ధి ఏలిన నెల్లూరు సీమలో ఒకే వంశంలో ఇద్దరు తిక్కనలు వెలసినారు. ఒకరు మహాభారతంలో పదునైదు పర్వాలను తెనిగించిన కవి. మరొకరు రణరంగంలో ప్రాణమర్పించిన యోధుడు. లోకం మొదటివారిని తిక్కన సోమయాజి అనీ, రెండవవారిని ఖడ్గ తిక్కన అనీ వ్యవహరించి చిక్కు తీర్చుకొన్నది. కర్నూలు జిల్లా పడమటి సీమ వారికీ ఈ ఉపాయం కొత్తది కాదు. ఆదోని ప్రాంతంలో పెద్ద తుంబళం, చిన్న తుంబళం అని రెండు గ్రామాలున్నాయి. ముందున్న చిన్న మాటను తీసివేస్తే ఉత్తరం ఏ ఊరు చేరుతుందో చెప్పలేము.

కంప్యూటరు పత్రాలలోనూ ఇటువంటి సంకటమే ఏర్పడుతుంది. సమాచారంలోని ప్రతి అంశానికీ ముందు వెనుకల కోణపు గుర్తులలో పేరు పెట్టి భద్రపరచే పద్ధతికి ఎక్స్‌ఎమ్‌ఎల్ అని పేరు. 1998 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దీనిని ప్రమాణంగా ప్రకటించింది. ఈ పద్ధతిలో అంశాల పేర్లు ఆంగ్లంలోనే ఉండవలసిన అవసరం లేదు. <ధర> అని తెలుగు అక్షరాలలో రాసినా అది సక్రమమైన పేరే.

ఆదోని పత్తి వ్యాపారానికి ప్రసిద్ధి చెందిన పట్టణం. దానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరు నేతకు పేరుగాంచింది. అక్కడ 1938లో మాచాని సోమప్ప చేనేత కార్మికుల సహకార సంఘాన్ని స్థాపించారు. ఈ రెండు పట్టణాల ముడిసరుకు ధరలను ఒకే నివేదికగా కూర్చవలసిన ఉద్యోగి ఒకరున్నారని భావిద్దాం. ఆదోని నుండి వచ్చిన పత్రంలో <ధర> అంటే క్వింటాలు పత్తి ధర. ఎమ్మిగనూరు నుండి వచ్చిన పత్రంలో <ధర> అంటే బండిల్ నూలు ధర. బండిల్ అంటే పది పౌన్లు, అనగా సుమారు నాలుగున్నర కిలోల చిలపల కట్ట. రెండు పేర్లూ ఒకటే. యంత్రానికి ఇంగితం లేదు. క్వింటాలు ధరను బండిల్ ధరగా అది లెక్కగడితే నూలు కొనే నేతగానిపైన, పత్తి అమ్మే రైతుపైన పడే భారం ఎంతటిదో ఊహించవచ్చు. మాట ఒకటై అర్థాలు వేరగుట మన భాషకు సహజమే. ‘అచ్చు’ అంటే వ్యాకరణంలో స్వరం, ముద్రణాలయంలో ముద్ర, మగ్గంలో పడుగు పోగులు దూరే సాధనం. మనిషి సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. యంత్రానికి సందర్భాన్ని కూడా రాసి ఇవ్వవలసిందే.

ఆ రాసి ఇచ్చే విధానమే నేమ్‌స్పేస్. దీనిని తెలుగులో నామపరిధి అనవచ్చు. 1999 జనవరిలో ఇది ప్రమాణమైంది. ప్రతి పేరునూ ఒక పరిధికి చెందినదిగా ప్రకటించి, ఆ పరిధికి గుర్తుగా ఒక పొట్టి మాటను పేరుకు ముందు చేరుస్తారు. <పత్తి:ధర>, <నూలు:ధర> అన్నట్లు. ముందు చేరిన ఈ మాటను ఉపసర్గ అందాం.

అయితే వ్యాకరణం చదివిన విద్యార్థి ఇక్కడ పొరబడే ప్రమాదమున్నది. సంస్కృతంలో ఉపసర్గ అర్థాన్నే మార్చివేస్తుంది. ఆహారం వేరు, విహారం వేరు, సంహారం వేరు. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఉపసర్గకు స్వయంగా అర్థం లేదు. అది పేరుకు ముందు రాసుకొనే పొడి అక్షరం వంటిది. ‘కె.’ అన్న అక్షరం ఒక ఇంట కొట్టరువు కావచ్చు, మరొక ఇంట కందుకూరి కావచ్చు. అసలు ఇంటిపేరు పత్రారంభంలో ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ అనే ప్రకటనలో ఉంటుంది. సాధారణంగా అది వెబ్ చిరునామా రూపంలో ఉంటుంది. ఒక చిరునామాకు యజమాని ఒక్కరే కనుక మరొకరి పేరుతో కలవదు. అంతేగాని ఆ చిరునామాలో ఏ పుటా ఉండవలసిన అవసరం లేదు. మన దుకాణాల లెక్కల గదులలో సుపరిచితమైన టాలీ సాఫ్ట్‌వేర్ వెలువరించే పత్రాలలో ‘యూడీఎఫ్’ అనే ఉపసర్గ కనిపిస్తుంది. వాడుకరి తానుగా కల్పించుకొన్న గడులకు అది గుర్తు. అది సూచించే పరిధి పేరు ‘టాలీయూడీఎఫ్’. అది చిరునామా రూపంలో లేదు, కేవలం ఒక మాట.

ఒక రూపంలోని ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రాన్ని మరొక రూపంలోకి మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ. 1999 నవంబరులో దీని మొదటి ప్రమాణం వెలువడింది. మార్పిడి సూత్రాలను రాసిన పత్రాన్ని స్టైల్‌షీట్ అంటారు. పైన చెప్పిన ఉద్యోగికి కావలసినది ఇదే. ఆదోని పత్రం, ఎమ్మిగనూరు పత్రం రెండూ సరుకుకు గుర్తుగా ‘స’ అనే ఉపసర్గనే వాడినా ఆయనకు ఇబ్బంది లేదు. తన స్టైల్‌షీట్‌లో మొదటి పరిధికి ‘పత్తి’ అనీ, రెండవదానికి ‘నూలు’ అనీ తనకు నచ్చిన ఉపసర్గలు పెట్టుకొంటే యంత్రం పరిధి పేర్లను పోల్చి సరియైన అంశాన్ని గ్రహిస్తుంది. ఉపసర్గలు కలిసినవా లేదా అన్నది చూడదు.

అసలు తలనొప్పి ఫలితపత్రం వెలువడినప్పుడు మొదలవుతుంది. నివేదికలో ఎక్కడా వాడకపోయినా పత్తి, నూలు పరిధుల ప్రకటనలు దాని నెత్తిన ప్రత్యక్షమవుతాయి. కారణమేమనగా, స్టైల్‌షీట్‌లో నేరుగా రాసిన ప్రతి ఫలితాంశమూ తన చుట్టూ అమలులో ఉన్న ప్రకటనలన్నింటినీ వెంట తీసుకొనిపోతుంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ సొంత పరిధి ఒక్కటే దానంతటది తొలగిపోతుంది. అనవసరమైన ప్రకటన వల్ల అర్థం చెడదు. కాని పత్రాన్ని అక్షరం అక్షరంగా పోల్చే నాసిరకపు ప్రోగ్రాము దానిని తిరస్కరించవచ్చు. దీనికి మందు ‘ఎక్స్‌క్లూడ్-రిజల్ట్-ప్రిఫిక్సెస్’ అనే లక్షణం. వదలవలసిన ఉపసర్గలను స్టైల్‌షీట్ మొదటి అంశంలో దాని కింద పేర్కొంటే సరిపోతుంది. ఆ పరిధికి చెందిన పేరు ఫలితంలో నిజంగా ఉంటే మాత్రం ప్రకటన పోదు. పోకూడదు కూడా.

ఈ మందు అన్ని రోగాలకూ పనిచేయదు. మూలపత్రంలోని అంశాన్ని ‘కాపీ-ఆఫ్’ ఆజ్ఞతో ఉన్నదున్నట్లు తెచ్చినప్పుడు, దానితోపాటు మూలంలోని ప్రకటనలూ వస్తాయి. పై లక్షణం వాటిని ముట్టుకోదు. 2007లో వచ్చిన రెండవ ప్రమాణం ‘కాపీ-నేమ్‌స్పేసెస్’ అనే లక్షణానికి ‘నో’ అని చెప్పి వాటిని వదిలించుకొనే వీలు కల్పించింది. మొదటి ప్రమాణంతోనే పని జరపవలసినవారు ‘ఎలిమెంట్’ ఆజ్ఞతో ప్రతి అంశాన్నీ కొత్త పేరుతో, కొత్త పరిధితో మళ్ళీ నిర్మించుకోవాలి. శ్రమ ఎక్కువైనా నమ్మదగిన మార్గమిది.

మరొక చిక్కు చూడండి. ఉపసర్గ లేకుండా ఒక పరిధిని పత్రమంతటికీ వర్తింపజేయవచ్చు. అది ఇంటిలోని వారందరికీ ఇంటిపేరు తానుగా వర్తించినట్లే. కాని మొదటి ప్రమాణం ప్రకారం, స్టైల్‌షీట్‌లో ‘ధర’ను వెదకుమని ఉపసర్గ లేకుండా రాస్తే ఆ సౌకర్యం వర్తించదు. ఏ పరిధికీ చెందని ‘ధర’నే యంత్రం వెదకుతుంది. మూలంలోని ‘ధర’ ఒక పరిధికి చెందినదైతే దానికి కనిపించదు. తప్పిదమని హెచ్చరిక కూడా రాదు, గడి ఖాళీగా వస్తుంది. అనుభవం లేనివారు గంటల తరబడి ఇక్కడే చిక్కుకొంటారు. మూలంలో ఉపసర్గ లేకపోయినా స్టైల్‌షీట్‌లో ఆ పరిధికి ఒక ఉపసర్గ కల్పించి ‘పత్తి:ధర’ అని అడిగితే అంశం దొరుకుతుంది. రెండవ ప్రమాణంలోనైతే ‘ఎక్స్‌పాత్-డీఫాల్ట్-నేమ్‌స్పేస్’ అనే లక్షణంతో ఆ పరిధిని ఒక్కసారి చెబితే చాలు.